వానరాత్రి బస

పాఠభాగములు: న్యాయాధిపతులు 19:1-21, లూకా 10:25-37, అపొస్తలుల కార్యములు 28:1-10



ఈ నెల వేదపాఠమునకు మేము ఏర్పరచిన మూడు భాగములలోను దారిని పోవువారు కనబడుచున్నారు. మూడింటిలోను ఆ రాత్రికి తల దాచుకొనుటకు చోటు కావలసియున్నది. మొదటిదానిలో ప్రొద్దు గ్రుంకినది. రెండవదానిలో దొంగలు కొట్టి విడిచిపోయిరి. మూడవదానిలో ఓడ పగిలి, వాన కురియుచు, చలి వేయుచున్నది. ఇవి ఎప్పటివో దూరదేశపు సంగతులని మనము దాటిపోరాదు. వానాకాలములో మన పల్నాటి దారులు ఎరిగినవారికి ఇవి దగ్గరి సంగతులే. నల్లరేగడి నేల నాలుగు చినుకులకే బండి చక్రమును పట్టుకొనును. మధ్యాహ్నము పొడి కాళ్లతో దాటిన చప్టా సాయంకాలమునకు నీటి క్రింద కనబడకుండ పోవును. ఫోనులో గది ఉన్నదని చూచి వచ్చినవానికి లాడ్జి గుమ్మములో 'అన్నీ నిండిపోయినవండీ' అను మాట వినబడును. వెనుక సీటులో పిల్లలు నిద్రపోవుచుందురు. ముసలితల్లికి మాత్ర వేసికొను వేళ దాటియుండును. అప్పుడు ఎక్కడికి పోవలెను?

2024వ సంవత్సరము ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కురిసిన వానలు మనము మరచినవి కావు. బుడమేరు పొంగి విజయవాడలో వేలకొలది ఇండ్లు మునిగినవి. ఆ వరదలో ప్రకాశము బ్యారేజికి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చెను. నందిగామ దగ్గర ఐతవరమువద్ద నీరు రహదారి నెక్కుటచేత హైదరాబాదు విజయవాడల నడుమ రాకపోకలు ఆగినవి. ప్రయాణము మానరాని వారిని పోలీసువారు నార్కట్‌పల్లి, మిర్యాలగూడ, పిడుగురాళ్ల, గుంటూరు మీదుగా పొమ్మనిరి. అనగా మన అద్దంకి నార్కట్‌పల్లి రోడ్డే ఆ రెండు మహాపట్టణములకు దారి ఆయెను. సెప్టెంబరు 1వ తేది ఆదివారము.

ఏ పట్టణమైనను తన లాడ్జి గదులను మామూలు దినముల లెక్కనుబట్టి కట్టుకొనును. పిడుగురాళ్లకు సున్నపు వ్యాపారులు వత్తురు, లారీలవారు వత్తురు, పెండ్లిండ్ల కాలములో చుట్టములు వత్తురు. వారికి చాలినన్ని గదులు ఉండును. వరద మళ్లించిన జనమునకు చాలినన్ని గదులు ఏ ఊరిలోను ఉండవు. రోడ్డు విడిచి లోపలికి వచ్చిన మన మాచవరమువంటి ఊరిలోనైతే, ప్రయాణికుడు గదిని వెదకుటకంటె గుమ్మమును వెదకవలసివచ్చును. కాబట్టి ఈ పాఠము ప్రయాణికులకు ఎంతో, గుమ్మములు గల మనకును అంతే.

మేము ఈ మూడు భాగములను ఒక ప్రశ్నతో చదివితిమి. వానలో నిలిచినవానిని 'నీకేమి కావలెను' అని ముందు అడుగవలెనా, 'నీవెవరు' అని ముందు అడుగవలెనా? రెండును అడుగదగిన ప్రశ్నలే. కాని ఏది ముందు, ఏది వెనుక అను దానిలో చాల సంగతి ఉన్నది.

లేవీయుని ఆలస్యము

న్యాయాధిపతుల గ్రంథము 19వ అధ్యాయమును సంఘములో చదువుటకు అనేకులు జంకుదురు. 22వ వచనము మొదలుకొని అందులో జరిగినది ఘోరము. ఒక స్త్రీ ఆ రాత్రి గుమ్మము వెలుపలికి త్రోయబడి, ప్రాణము కోల్పోయెను. పిల్లలు కూర్చుండు తరగతియని మేము పాఠమును 21వ వచనముతో నిలిపితిమి గాని, పెద్దలు ఇంటివద్ద మిగిలినది తప్పక చదువుకొనవలెను. ఆ ఊరి వీధి ఎట్టిదో అప్పుడు తెలియును.

లేవీయుడు బేత్లెహేములోని మామగారి ఇంటినుండి బయలుదేరిన తీరు చూడుడి. మూడు దినములు ఉండెను. నాలుగవ దినమున తెల్లవారగనే లేచెను. మామగారు కొంచెము ఆహారము తీసికొని పొమ్మనెను, రాత్రి అయ్యెను. అయిదవ దినమునను అట్లే ప్రొద్దు వాలువరకు కూర్చుండబెట్టెను. ఈ మామగారు మన తెలుగువారి ఇండ్లలో ఇప్పటికిని బ్రదికియున్నారు! 'భోంచేసి వెళుదురుగాని', 'ఎండ తగ్గనివ్వండి', 'ఒక్క ముక్క కాఫీ తాగి కదలండి' అని చెప్పి చెప్పి, సాయంకాలము అయిదు గంటలకు కన్నీళ్లతో సాగనంపుదురు. అది ప్రేమయే, సందేహము లేదు. కాని ఆ చుట్టము చీకటిపడు వేళకు వాగు దగ్గరికి చేరును. వానాకాలములో అతిథిని పెందలకడ పంపవలెను, లేదా మరియొక రాత్రి ఉంచుకొనవలెను. ఈ రెండింటి నడుమ ఉన్నది ఆతిథ్యము కాదని మా అభిప్రాయము.

తరువాత జరిగినది మరింత గమనింపదగినది. యెబూసు దగ్గరకు వచ్చునప్పటికి ప్రొద్దు వాలినది. ఈ ఊరిలో దిగుదమని పనివాడు చెప్పెను. యజమానుడు ఒప్పుకొనలేదు. అది అన్యుల పట్టణము, మనము ఇశ్రాయేలీయుల ఊరికే పోవుదము అనెను. గిబియా చేరి, నడివీధిలో కూర్చుండిరి. అందరును తనవారే. ఒక్కడును ఇంటికి పిలువలేదు. ఆయన అడిగినది కూడ ఎంతో కాదు. గాడిదలకు గడ్డి, తమకు రొట్టె, ద్రాక్షారసము వెంట తెచ్చుకొనిరి. కావలసినది కప్పు ఒక్కటే.

చివరకు పొలమునుండి వచ్చుచున్న ఒక ముసలివాడు వారిని చూచెను. అతడు ఆ ఊరివాడు కాడు, ఎఫ్రాయిము మన్యమునుండి వచ్చి అక్కడ పరవాసిగా నుండెను. ఎక్కడనుండి వచ్చుచున్నావు, ఎక్కడికి పోవుచున్నావు అని అడిగెను. ఇవి ప్రయాణికునికి సహాయము చేయదలచినవాడు అడుగు ప్రశ్నలు. నీ కులమేది, నీ గోత్రమేది అని అడుగలేదు. లోటంతయు నామీద ఉండనిమ్ము, వీధిలో మాత్రము రాత్రి గడుపవద్దు అను భావముతో మాటలాడి ఇంటికి తీసికొనిపోయెను. పరవాసి బాధ పరవాసికి తెలిసినది.

పూటకూళ్ల యిల్లు

ఇక్కడ రెండు మాటల అర్థము చెప్పవలెను. మన తెలుగు బైబిలులో లూకా 2:7లో 'సత్రము' అనియు, లూకా 22:11లో 'విడిదిగది' అనియు ఉన్నది. గ్రీకులో రెండు చోట్లను ఉన్న మాట ఒక్కటే, కటాలుమా. అందుచేత బేత్లెహేములో నిండిపోయినది బాడుగ సత్రము కాక, ఒక ఇంటిలోని విడిదిగది అయియుండవచ్చునని అనేక పండితులు తలంచుచున్నారు. మన క్రిస్మసు నాటకములలో లాంతరు ఎత్తి 'చోటు లేదు, పొండి' అని కసరుకొను సత్రపువాడు లూకా సువార్తలో ఎక్కడను లేడు. ఆ వేషము వేసి వేసి పేరు పొందిన సహోదరులు మమ్మును క్షమింతురుగాక.

లూకా 10:34లో మాత్రము వేరొక మాట కలదు, పండొఖెయొన్. అందరిని చేర్చుకొను చోటు అని దాని అర్థము. మన తర్జుమాదారులు అక్కడ పూటకూళ్లవాని యిల్లు అని వ్రాసిరి. పూటకింత అని పుచ్చుకొని కూడు పెట్టు ఇల్లు. తెలుగు దేశపు రోడ్లమీద నడచినవారు వ్రాసిన మాట అది.

సమరయుడు గాయపడినవానిని అక్కడికి తెచ్చి, ఆ రాత్రి తానే కనిపెట్టి, మరునాడు రెండు దేనారములు ఇచ్చెను. మత్తయి 20వ అధ్యాయమునుబట్టి ఒక దేనారము ఒక దినపు కూలి. రెండు దినముల కూలి ముందుగా ఇచ్చి, మించిన ఖర్చు తిరిగి వచ్చునప్పుడు చెల్లింతుననెను. ఈ ఉపమానముమీద ప్రసంగించువారు సమరయుని మెచ్చుకొని, పూటకూళ్లవానిని మరచుదురు. రక్తము కారుచున్న పరాయివానిని ఇంటిలో పెట్టుకొనుట వ్యాపారస్థునికి సులభమా? అతడు కొన ఊపిరితో ఉన్నవాడు. రేపు చనిపోయినయెడల విచారణ ఎవరిమీదికి వచ్చును? తెచ్చినవాడు తిరిగి వచ్చునో రాడో! అయినను చేర్చుకొనెను. డబ్బు పుచ్చుకొనుటచేత అతని మేలు మేలు కాకపోలేదు.

ఈ భయము నేటికిని మనలో ఉన్నది గనుక ఒక సంగతి వ్రాయుచున్నాము. 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించినప్పుడు 134ఎ అను సెక్షను చేర్చిరి. రోడ్డు ప్రమాదములో గాయపడినవానికి మంచి మనస్సుతో సహాయము చేసినవానిమీద అందునుబట్టి కేసు పెట్టరాదు. తన పేరు చెప్పుమని అతనిని బలవంతపెట్టరాదు. చట్టములో అట్టివానికి పెట్టిన పేరే మంచి సమరయుడు.

డబ్బు ఇచ్చి బస చేయుటను గూర్చి కొందరు తక్కువగా మాటలాడుదురు. మేము అట్లు తలంచము. ధర చెప్పి, ఆ ధరకే గది ఇచ్చి, శుభ్రమైన దుప్పటి పరచువాడు ప్రయాణికుని మానము కాపాడుచున్నాడు. అట్టి చోట ఎవరికిని కృతజ్ఞతతో తల వంచనక్కరలేదు. 1867లో మన దేశమునకు చేసిన సరాయిల చట్టములో సరాయి నడుపువాడు మెజిస్ట్రేటువద్ద పేరు నమోదు చేయించుకొని, గదులను, బావులను శుభ్రముగా నుంచి, కప్పు బాగుచేయించి, కావలివానిని పెట్టి, ధరల పట్టికను అందరికి కనబడునట్లు కట్టవలెనని వ్రాయబడినది. పట్టిక కట్టుమనుట ఎందుకు? వాన పడినకొలది ధర పెంచువారు ఆ కాలములోను ఉండిరి కాబోలు.

నిప్పు ముందు, అనుమానము వెనుక

మెలితే ద్వీపపు సంగతికి వత్తము. ఓడలో నున్నవారు రెండువందల డెబ్బది ఆరుగురు. అందులో సైనికులు, ఓడవారు, సంకెళ్లతో పోవుచున్న ఖైదీలు ఉన్నారు. తెల్లవారునప్పటికి వారందరు తడిసి, పలకలు పట్టుకొని ఒడ్డున పడిరి. ఆ ద్వీపవాసుల భాష వీరికి తెలియదు, వీరి భాష వారికి తెలియదు. వాన కురియుచున్నది, చలిగా నున్నదని లూకా కారణము చెప్పి మరీ వ్రాసెను. వారు చేసిన మొదటి పని నిప్పు రాజవేయుట. ఎవరు ఖైదీ, ఎవరు శతాధిపతి అని వేరుచేయక అందరిని చేర్చుకొనిరి.

ఇప్పుడు మూడవ వచనము, నాలుగవ వచనము చూడుడి. పౌలు పుల్లలు ఏరి నిప్పుమీద వేయుచుండగా సర్పము చేతిని పట్టెను. వారు వెంటనే ఇతడు నరహంతకుడు అని చెప్పుకొనిరి. అనగా ఆ ద్వీపవాసులు అనుమానములేని అమాయకులు కారు. మనవలెనే అనుమానించిరి, మనకంటె గట్టిగానే అనుమానించిరి. కాని నిప్పు అప్పటికే మండుచున్నది. అనుమానము వచ్చినదని దానిని ఆర్పలేదు, హంతకునిగా తోచినవానిని మంటదగ్గరనుండి లేపలేదు. మేము ఈ భాగమును ఎన్ని సారులు చదివినను ఈ వరుసవద్ద ఆగుచుందుము. ఆ తరువాత పొప్లి అను ముఖ్యుడు మూడు దినములు ఆతిథ్యమిచ్చెను. ముఖ్యులు సాధారణముగా మంట వేసినవారి వెనుకనే వత్తురు.

మా సంఘములో ఒక వృద్ధురాలు కలదు. రోడ్డు పక్కన రెండు గదుల రేకుల ఇల్లు. కొన్ని యేండ్ల క్రిందట ఒక శ్రావణమాసపు రాత్రి కారు చెడిపోయి భార్యాభర్తలు, ఒక పిల్లవాడు ఆమె వసారాలోనికి వచ్చిరి. పట్టణములో రెండు చోట్ల గది దొరకక, చుట్టముల ఊరికి అడ్డదారిని పోవుచు ఆగిపోయినవారు. ఆ స్త్రీ, తాము ఫలానా ఊరివారమని, ఫలానావారి చుట్టములమని గుమ్మములోనే నిలువబడి చెప్పుకొనసాగెను. ఈమె తువ్వాలు చేతికిచ్చి, "ముందు తల తుడుచుకో తల్లీ. పేర్లూ ఊర్లూ పొద్దున మాట్టాడుకుందాంలే" అన్నది. తాను పొరుగింట పండుకొని, తన గది వారికిచ్చెను. తెల్లవారి ఆ భర్త అయిదువందల నోటు ఇయ్యబోగా, "పాల ప్యాకెట్లు రెండు తెప్పిచ్చాను బాబూ, వాటిమటుకు ఇయ్యి. మిగతాది నీ డీజిలుకు ఉంచుకో" అని పాల డబ్బు మాత్రము లెక్క చూచి పుచ్చుకొన్నది. ఆమెకు గ్రీకు రాదు.

మూయబడిన తలుపులు

1830లో ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణమునుండి కాశికి పోయి, మరుసటి సంవత్సరము తిరిగి వచ్చిరి. దారిలో ప్రతి మజిలీని గూర్చి దిగుటకు చోటు ఎట్టిది, అంగళ్లు కలవా, నీళ్లు ఎట్టివి అని 'కాశీయాత్ర చరిత్ర'లో వ్రాసి పెట్టిరి. ప్రయాణికునికి అంత ఉపకారమైన పుస్తకములు కొద్ది. అయితే సత్రముల తలుపులు ఈ దేశములో అందరికి ఒకే విధముగా తెరువబడలేదు. మన తాతలు అనేకులు సత్రపు అరుగుమీద కాదు, చెట్టుక్రింద పండుకొనిరి. వినుకొండలో పుట్టిన జాషువ మహాకవి 1941లో వ్రాసిన 'గబ్బిలము'లో పేదవాడు తన మొర చెప్పుకొనుటకు గబ్బిలమునే ఎన్నుకొనుటకు కారణము తెలిసినదే. తాను పోరాని గుడిలోనికి అది పోగలదు.

అంబేద్కరుగారు 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అను చిన్న పుస్తకములో తనకు సంభవించినవి వ్రాసిరి. అమెరికాలోను లండనులోను చదివి వచ్చి, బరోడాలో ఉద్యోగమునకు పోయినప్పుడు ఆయనకు బస దొరకలేదు. హిందువుల హోటలులో చేర్చుకొనరని ఎరిగి, పార్సీల సత్రములో పార్సీ పేరు వ్రాయించి దిగిరి. పదునొకండవ దినమున కర్రలు పట్టుకొన్న మనుష్యులు వచ్చి, సాయంకాలములోగా ఖాళీ చేయవలెననిరి. ఊరిలో ఆయనకు ఇద్దరు స్నేహితులు కలరు. ఒకడు హిందువు. నీవు వచ్చినయెడల నా పనివారు వెళ్లిపోవుదురనెను. రెండవవాడు క్రైస్తవుడు. నా భార్య రేపు వచ్చుచున్నది, ఆమెను అడిగి చెప్పవలెననెను. ఆ దంపతులు బ్రాహ్మణ కుటుంబమునుండి మారినవారనియు, భార్యకు పాత ఆచారములు పోలేదనియు అంబేద్కరుగారు వ్రాసిరి. ఆయన ఒక తోటలో ప్రొద్దు గడిపి, రాత్రి బండికి బొంబాయి వెళ్లిపోయిరి.

ప్రియులారా, ఆ రెండవ స్నేహితుని సంగతి మన పత్రికలో అచ్చు వేయుట మాకు సంతోషము కాదు. అయినను గిబియా పాఠము చదువువారు దీనిని చదువకుండ ఉండరాదు. లేవీయుడు అన్యుల ఊరు విడిచి తనవారి ఊరికి పోయి వీధిలో కూర్చుండెను. ఈయనను పరాయివారు కర్రలతో పంపిరి, ప్రభువు పేరు పెట్టుకొన్నవాడు మెత్తని మాటతో పంపెను. వీధిలో పడినవానికి రెండింటి ఫలము ఒక్కటే.

అమెరికా దేశములోను ఇట్టిదే జరిగెను. కారులో వచ్చువారు దిగుటకు 1925లో కాలిఫోర్నియాలో శాన్ లూయిస్ ఒబిస్పో అను ఊరిలో కట్టిన బసకు మోటారు, హోటలు అను మాటలు కలిపి మోటెల్ అను పేరు పెట్టిరి. అక్కడ నున్న మన పిల్లలకు అది తెలిసిన మాటయే. గది ఖాళీ కలదో లేదో దీపపు బోర్డుమీద కనబడును. వానలో దిగి అడుగనక్కరలేదు, మంచి ఏర్పాటే. కాని ఖాళీ కలదని దీపము వెలుగుచుండగనే నల్లజాతివారికి చోటు లేదనిరి. అందుచేత తపాలా బట్వాడా చేయు విక్టర్ హ్యూగో గ్రీన్ అను నల్లజాతి మనుష్యుడు, తమవారిని చేర్చుకొను బసల పట్టికను 1936 మొదలుకొని పుస్తకముగా వేసెను. 1964లో పౌరహక్కుల చట్టము వచ్చిన తరువాత కొద్ది యేండ్లకు అది నిలిచిపోయెను.

మన దేశములో 1950 జనవరి 26న అమలునకు వచ్చిన రాజ్యాంగములోని 15వ అధికరణము హోటళ్లు, దుకాణములు, భోజనశాలలలో ప్రవేశమునకు కులమతములు అడ్డు కారాదనుచున్నది. 1955లో వచ్చి, 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టమను పేరు పొందిన చట్టములో ధర్మశాలలు, సరాయిలు, ముసాఫరుఖానాలు కూడ పేరు పేరున చెప్పబడినవి. నేడు లాడ్జిలో గుర్తింపు కార్డు అడుగుదురు. అది పోలీసువారి నియమము, ఇయ్యవలసినదే. కాని పట్టణములో అద్దె ఇల్లు అడుగబోయినవారికి 'మీరేమిటోళ్లండీ?' అను ప్రశ్న ఇంకను వినబడుచున్నదని మన యౌవనస్థులు మాతో చెప్పుచున్నారు. ఆ ప్రశ్న మన ఇండ్ల గుమ్మములలో, మన సంఘములవారే వేరొక కులపు క్రైస్తవుని చూచి వేయుచున్నారా? ఈ సంగతిని తరగతిలో దాచక మాటలాడవలెను.

తలుపు తెరచినవారిని గూర్చియు ఒక మాట. 1842 జూలై 31న, వానాకాలములో, ఫాదర్ హయ్యరుగారు గుంటూరు చేరినప్పుడు కలెక్టరు హెన్రీ స్టోక్సుగారు ఆయనను చేర్చుకొని బస ఇచ్చిరి. తరువాత హయ్యరుగారు మన గురజాలలో కాపురముండి పనిచేసిరి. ఈ ప్రాంతపు లూథరను సంఘముల చరిత్ర ఒక ఇంటి విడిదిగదితో మొదలైనదనవచ్చును.

ప్రయాణికులకును, మన సంఘమునకును

వానాకాలములో దూరము పోవువారు చీకటి పడకముందే బస నిశ్చయించుకొనవలెను. సాయంకాలము నాలుగు గంటలకు మబ్బు చూచి, పిడుగురాళ్లలో దిగుదమా, నరసరావుపేట చేరుదమా అని కారు ఆపి తీర్మానించుట మేలు. ఫోనులో డబ్బు కట్టకముందు లాడ్జివారితో నోటిమాటగా అడుగవలెను. గది చూచి, నీళ్లు, తలుపు గడియ చూచి, రశీదు పుచ్చుకొనవలెను. గుర్తింపు కార్డు అందరియొద్దను ఉండవలెను. రైలు టిక్కెట్టు గలవారికి కొన్ని పెద్ద స్టేషన్లలో విశ్రాంతి గదులు దొరకును. గది దొరకలేదని కోపముతో రాత్రివేళ వాగు దాటబోవుట మాత్రము ప్రాణము తీయు పని. పారుచున్న నీరు అర అడుగు లోతు ఉన్నను పెద్దమనిషిని పడద్రోయగలదు. అడుగు లోతు నీరు చిన్న కారును తేల్చును, రెండడుగుల నీరు చాలమట్టుకు వాహనములను ఈడ్చుకొనిపోవును. చప్టా కనబడనప్పుడు పెట్రోలు బంకులోనో, గుడి, మసీదు, చర్చి ఆవరణలోనో, తలుపులు వేసికొని కారులోనో తెల్లవార్చుకొనుట మేలు. ఆపద వచ్చినయెడల 112 నంబరుకు ఫోను చేయవలెను.

గుమ్మము తెరచువారికిని జాగ్రత్త అవసరమే. ఒంటరి స్త్రీలు, ముసలివారు అర్ధరాత్రి పరాయివారిని ఇంటిలోపలికి పిలువవలెనని మేము చెప్పుట లేదు. ఆ భయము పాపము కాదు. అందుకే ఈ పని ఒక ఇంటిమీద పెట్టక సంఘముమీద పెట్టుట బాగుండును. సంఘ పెద్దలతో మాటలాడి ఈ వానాకాలమునకు ఈ విధముగా ఏర్పాటు చేసితిమి. చర్చి వసారా దీపము రాత్రి అంతయు వెలుగును. పక్కగదిలో చాపలు పది, దుప్పట్లు ఆరు ఉంచితిమి. తాళపుచెవి చర్చి కాపరి ఇంటను, ఎదుట టీ కొట్టులోను ఉండును. ఎవరు వచ్చినను ముందు లోపల కూర్చుండబెట్టి వేడి నీళ్లో టీయో ఇయ్యవలెను. తరువాత పేరు, ఊరు, బండి నంబరు పుస్తకములో వ్రాయించుకొని, పెద్దలలో ఇద్దరికి ఫోను చేయవలెను. అనుమానము కలిగినయెడల పోలీసు స్టేషనుకు చెప్పవలెను, అప్పుడును వానలోనికి పంపరాదు. బాడుగ అడుగరాదు. ఇచ్చినయెడల పుస్తకములో వ్రాసి పుచ్చుకొని దుప్పట్లు ఉతికించుటకు వాడవలెను.

స్నానాలగది పైకప్పు రెండు చోట్ల కారుచున్నది. అశ్వయుజపు వానలు రాకముందే నాలుగు రేకులు మార్చవలెను. రేకులు ఇయ్యగలవారు, ఒక పూట పని చేయగలవారు వచ్చే ఆదివారము ఆరాధన తరువాత సంఘ పెద్దలను కలిసికొనుడి.